డాలరంటే తాళం

ఫిషింగ్ హార్బర్ గేటుకి ఎదురుగా, రెండో అంతస్తు.
కిటికీ తీస్తే ఐసు, డీజిలు, చేప.
ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ మూడు వాసనల మధ్యే
నా డెబిట్లూ క్రెడిట్లూ.
రొయ్యలు ఇక్కణ్ణుంచి ఒసాకా పోతాయి.
నేను ఆఖరి సిటీ బస్సులో గోపాలపట్నం పోతాను.

నెలాఖరు మూడు రాత్రులూ నావి కావు.
బ్యాంకు స్టేట్‌మెంటు ఒక పక్క, మా పుస్తకం ఒక పక్క,
వరసకి వరస స్కేలు పెట్టుకుని
(అవును, కంప్యూటర్ తెర మీదే, ప్లాస్టిక్ స్కేలు)
దిగుతూ ఉంటాను.
కొత్తగా చేరిన నూకరత్నం అది చూసి నవ్వలేదు.
నవ్వినా బాగుండేది.
"మాస్టారూ, ఆ స్కేలు నాకిచ్చీండి" అంది.

మొదటి పాఠం డాలరు.
ఇరవై అడుగుల కంటైనరు రొయ్య ఎన్ని డాలర్లో
నిద్రలో లేపి అడిగినా చెబుతాను.
"ఇక్కడ డాలరంటే డబ్బు కాదండీ, తాళం.
గడి పేరు ముందు ఏసీసారా, ఇంక కదల్దు."
వెయ్యకపోతే
మనం ఎంత దిగితే అదీ అంత దిగుతుంది.
ఈ కుర్చీలో నన్ను
అటో డాలరు ఇటో డాలరు వేసి బిగించిందెవరో
అడుగుదామనుకున్నాను. టీ వచ్చింది.

రెండో పాఠం రికార్డింగు.
"మీరు చేసిందల్లా చూస్తాది. తరవాత అదే చేస్తాది."
ఫొటోకి కూర్చున్నట్టు కాలరు సవరించుకున్నాను.
అదొక్కటే రికార్డు కాలేదు.
తప్పు గడిలోకి పోయి నాలిక్కరుచుకుని వెనక్కి రావడం,
కరెంటు మీద నమ్మకం లేక రెండుసార్లు సేవ్ కొట్టడం,
అన్నీ అయ్యాయి.
రన్ అంటే తెర వణికింది.
నా తడబాటు మొత్తం తొమ్మిది సెకన్లలో
నాకే ఒప్పజెప్పింది.

లోపల కోడు తెరిచింది రత్నం.
సెలెక్ట్, సెలెక్ట్, సెలెక్ట్, పేజీడు.
చేపకి పొలుసు గీసినట్టు చకచకా గీసేసింది.
"ముట్టుకోకుండానే పనైపోద్దండీ."

గురువారం ఒక్కణ్ణే నడిపాను.
జనవరి మీద నిలబడాల్సినవాణ్ణి ఫిబ్రవరి మీద నిలబడి.
రెండు వందల పన్నెండు బిల్లుల ఫ్రైటు తుడుచుకుపోయింది.
కంట్రోల్ జెడ్. కంట్రోల్ జెడ్.
మాక్రో చేసినదానికి అన్‌డూ ఉండదని
రాసుకున్న కాగితం జేబులోనే ఉంది.
పైగా అది రెండుసార్లు సేవ్ చేసుకుంది, అచ్చం నాలాగే.

ఓచర్ల కట్టలు దించి మళ్లీ ఎక్కిస్తుంటే రెండైంది.
కింద బోట్లు ఒక్కో దీపంతో కదులుతున్నాయి.
నూట ఆరో బిల్లు దగ్గర చెయ్యి ఆగింది.
సూరమ్మ ఐసు లెక్క రెండుసార్లు పడింది,
ఆవిడ రెండుసార్లు అడిగే మనిషి కాదు.
ఆ సంగతి మాక్రోకి ఎవరు చెబుతారు?
పొద్దున్న నేనే చెప్పాను.
నా అనుమానాన్ని విని
రత్నం దానికి 'ఇఫ్' అని పేరు పెట్టింది.

మార్చి ముప్పై ఒకటి.
పన్నెండు షీట్లు టపటపా తెరుచుకున్నాయి.
ప్రతిదాని నెత్తినా, మొదటి గడిలో, శ్రీ.
రికార్డు రోజున చెయ్యి దానంతటదే కొట్టి ఉంటుంది,
బంగార్రాజు గారు ఎర్ర అట్ట ఖాతా పుస్తకం తెరిపించి
ముందుగా రాయించిన అక్షరం.
కోడులో అది నాలుగు సంఖ్యలై కూర్చుంది.
"దీన్ని తియ్యడం మర్చిపోయావా?"
"అక్కర్లేనివే కదండీ తీసింది" అంది,
తెర మీంచి కళ్లెత్తకుండా.

స్కేలు ఇప్పుడు కిటికీ రెక్కకి అడ్డు.
ఆరున్నరకే మెట్లు దిగాను. ఇంకా వెలుగుంది,
గేటు దగ్గర పీతల బేరం తెగలేదు.
ఇరవై ఎనిమిదో నంబరు వచ్చి ఆగింది.
ఈ వేళప్పుడు బస్సులో
నిలబడాల్సి వస్తుందని నాకు తెలీదు.